గైడులో నలభై రెండో పేజీ

ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. మా ఇంటి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. ఒకదాంట్లో నేను కూర్చునేవాణ్ణి. రెండోదాని మీద ఆయన తన ఐసు డబ్బా పెట్టి, తాను మాత్రం గేటు నుంచి నీళ్ళ తొట్టి దాకా, తొట్టి నుంచి గేటు దాకా తిరుగుతూనే ఉండేవాడు. మాట్లాడితే తిరుగుడు. వింటే తిరుగుడు. ఏదైనా అర్థం కాకపోతే మాత్రం ఆగి, ఎడమ చెవి వెనక బొటనవేలితో గట్టిగా రుద్దుకునేవాడు. పశువుల్ని కూడా అక్కడే రుద్దేవాడట, బెదరకుండా ఉంటాయని.

పోయిన వారం కంబదూరులో టీచరుగా పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకతను అనంతపురం బస్టాండులో కనబడి చెప్పాడు.

"మా ఊరి పశువుల డాక్టరు పోయినాడు సార్. సంతలో ఎద్దు నోరు తెరిచి పండ్లు చూస్తాండి, నిలబడినోడు నిలబడినట్లే పడిపోయినాడు. ఎల్లుండి దినాలు. మీ పేరు అప్పుడప్పుడు చెప్తాండె."

డాక్టరని ఊరంతా అనేవాళ్ళు గానీ ఆయన డాక్టరు కాదు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పదో తరగతి దాకా చదివాడు. నన్ను కలిసేనాటికి ఆయన జీవితంలో ఒక్క నవల కూడా చదవలేదు.

తొంభైల చివరి మాట. నేనప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ని, ముప్పై దాటలేదు. ఒక శనివారం పగలు గేటు తీసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. మోచేతుల పైకి మడిచిన చొక్కా, చంకలో ఐసు డబ్బా, చేతిసంచిలో రెండు పుస్తకాలు.

"డిగ్రీ పిల్లోళ్ళకు తెలుగు చెప్పే సారు మీరేనా?"

"నేనే."

"క్లాక్ టవర్ కాడ పుస్తకాల షాపాయన పంపినాడు. ఒక మాట అడిగి పోతా. గొర్రెల టీకా మందు తీసకపోతాండా, ఐసు కరిగితే పనికి రాదు."

సంచిలోంచి గైడు తీశాడు. నలభై రెండో పేజీ దానంతట అదే తెరుచుకుంది. అంతగా నలిగిపోయి ఉంది. ఒక వాక్యం కింద వేలు పెట్టాడు.

"ఈ గైడు రాసినోడు నవల చదివినాడా సారూ?"

ఆ గైడు రాసింది నేనే.

అట్ట మీద నా పేరు లేదు. 'అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం' అని ఉంటుంది. ఆ బృందమంతా నేనొక్కణ్ణే. కోస్తా వైపు నుంచి ఒక ప్రచురణకర్త ఉత్తరం రాస్తే, పరీక్షల ముందు ఇరవై రోజుల్లో రాసిచ్చాను. డిగ్రీకి పాఠ్యంగా పెట్టిన ఆ నవల చాలా కష్టమైనది. మూడు వందల నలభై పేజీలు, అధ్యాయాలు లేవు. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పరు. నిన్నటి సంగతీ నేటి సంగతీ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. ఒక గృహిణి ఓ ఉదయం ఇల్లు వదిలి బస్సెక్కుతుంది, అంతే కథ. నేను మొదటి అరవై పేజీలూ చివరి పదీ చదివి, ముందుమాట సాయంతో మిగతాది ఊహించాను. నాయిక పాత్ర గురించి నలభై రెండో పేజీలో ఇలా రాశాను: 'ఆమె గృహత్యాగానికి మూలకారణం మనోదౌర్బల్యమే. భర్త సహనశీలి, ఉత్తముడు.' విద్యార్థులు దాన్ని బట్టీ పట్టేవాళ్ళు. దిద్దేవాళ్ళకూ అదే కావాలి.

"చదివే ఉంటాడులే అన్నా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత చెవి వెనక రుద్దుకున్నాడు.

"నాకు నమ్మకం లేదు. నా కాడికి పశువును తోలుకొస్తారు. దానికి నోరు లేదు. కడుపు తడిమి, చెవి పట్టుకుని, పేడ చూసి, అప్పుడు గదా చెప్తాం. వీడు ముట్టుకోకనే మందు రాసినాడు." తర్వాత రెండో పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇది నవల. నేనొక్కణ్ణే చదివితే నాలుగు పేజీలు దాటలా. మీరు చదివి చెప్పండి. పదహైదు దినాలకొకసారి మందుకు వస్తాంటా. ఐసు ఉండేంతసేపు కూసుందాం."

కూర్చుందామని అన్నాడు గానీ కూర్చోలేదు. నేను కాదని చెప్పడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. డబ్బా మూత తీసి చూసుకున్నాడు.

"ఇంగ రెండు గంటలు ఆగుతాది. మొదులుపెట్టు సారూ."

అలా మొదలైంది మా చదువు. నేను పైకి చదివేవాణ్ణి, ఆయన నడిచేవాడు. ప్రతి పది వాక్యాలకూ ఆపేవాడు. "ఆగప్పా. ఈ మాట ఎవురు అంటాండేది? మొగుడా, అత్తా?" నాకూ తెలిసేది కాదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేవాణ్ణి. మూడోసారికి ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. టీకా వేసిన గొర్రెలకు గుర్తు పెట్టే నీలం రంగు పెన్సిలు తెచ్చాడు. నిన్నటి సంగతి అయితే పక్కన చుక్క. ఇప్పటి సంగతి అయితే అడ్డగీత. తలలో అనుకునేదయితే సున్నా. అలా గుర్తులు పెడుతూ పోతే ఆ చిక్కు నవల మెల్లగా విడివడసాగింది. నేను ఎమ్మేలో చదువుకున్న సిద్ధాంతాలేవీ అంత పనికి రాలేదు.

ఇంతలో గమనించాను. ఆ పుస్తకంలో అంతకు ముందే సన్నని పెన్సిలు గీతలున్నాయి. తన నీలం గుర్తులు ఆ గీతలకు తగలకుండా ఆయన చాలా జాగ్రత్తగా పెట్టేవాడు. ఒకచోట నేను అలవాటుగా రబ్బరు తీసుకుంటే గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"అవి చెరపొద్దు. మా ఇంటామె గీసినవి."

ఆ రోజు చెప్పాడు. ఆయన భార్య కంబదూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులమ్మ. డిగ్రీ ప్రైవేటుగా కడతానని పుస్తకాలు తెచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళ కాపురం, పిల్లలు లేరు. ఒక రోజు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి, తనకల్లుకు. వాళ్ళక్క ఉండే ఊరది. బదిలీ ఆమే అడిగి వేయించుకుందని ఆయనకు ఉత్తర్వులు వచ్చాకే తెలిసింది. కొట్లాట లేదు. ఏడుపు లేదు. ట్రంకు పెట్టె తీసుకుని బస్సెక్కింది. ఈ నవలా, గైడూ కిటికీలో ఉండిపోయాయి.

"పిల్లోళ్ళు లేరనే పోయిందని ఊళ్ళో అంటారు. అది కాదప్పా. ఆ బాధ ఇద్దరం ఎప్పుడో దాటినాం. నేను తాగను, కొట్టను. ఏమిటికి పోయిందో తెలీక పిచ్చెక్కినట్లాయ. ఆమె చదువుతాండింది ఇదే గదా, దీంట్లో ఏమైనా దొరుకుతాదేమో అనుకున్నా. నవల అర్థం కాలా. గైడు అర్థమాయ. నేరుగా తనకల్లుకు పోయినా."

"పోయి?"

ఆయన నీళ్ళ తొట్టి దగ్గర ఆగాడు. నీళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

"గడపలోనే నిలబడి ఆ నలభై రెండో పేజీ చదివి వినిపించినా. 'మనోదౌర్బల్యం అంట, నీదీ ఇదే రోగం, పుస్తకంలోనే రాసినారు' అన్నా. ఆమె ఒకే మాట అనింది. 'నువ్వు నవల చదవలా. గైడు చదివినావు.' లోపలికి పోయి తలుపేసుకునింది."

ఆయన వెళ్ళాక చాలాసేపు నేను ఆ వరండాలోనే ఉండిపోయాను. ఆ వాక్యం ఏ సాయంత్రం, ఎలా రాశానో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. ఏదో ఒకటి రాసి పేజీ నింపాలన్న తొందర మాత్రం గుర్తొచ్చింది. తర్వాతిసారి చెప్పేద్దాం అనుకున్నాను. చెప్పలేదు. ఆ తర్వాతిసారీ చెప్పలేదు.

ఆ సంవత్సరం వాన లేదు. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. ఆయన వచ్చేటప్పుడు ముఖం ఇంకా నల్లబడి వచ్చేవాడు. మేత లేక పశువుల్ని లారీలకెక్కిస్తున్నారని, తాను పురుడు పోసిన దూడల్ని తన ముందే అమ్ముతున్నారని చెప్పేవాడు. ఒక శనివారం వచ్చి, పుస్తకం తియ్యకుండానే అరగంట తిరిగాడు. "ఈ దినం వద్దప్పా, ఏ మాటా తలకెక్కేట్లు లేదు" అని వెళ్ళిపోయాడు. మరుసటి శనివారమే మళ్ళీ వచ్చాడు, మందు తీసుకునే వారం కాకపోయినా.

నూట తొంభై పేజీలు దాటాక ఆ చోటు వచ్చింది. నాయిక బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. పెళ్ళయిన నాటి నుంచి ఇంట్లోవాళ్ళు తనను అడిగిన ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తాయి. తువ్వాలు ఎక్కడుంది, తాళంచెవి ఎక్కడుంది, అగ్గిపెట్టె ఎక్కడుంది, మందు సీసా ఎక్కడుంది. పేజీన్నర, ఎక్కడా వాక్యం ఆగదు. 'ఎక్కడుంది' అన్నది తప్ప ఇంకో ప్రశ్న తనను ఎవరూ అడగలేదని ఆమెకు అప్పుడే తెలుస్తుంది. బాధ కూడా పడదు. చిన్న ఆశ్చర్యం పడుతుంది, అంతే.

చదవడం ఆపి తలెత్తాను. ఆయన అడుగుల చప్పుడు లేదు. ఐసు డబ్బా తీసి నేల మీద పెట్టి, ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు.

"మల్లా చదువు."

మళ్ళీ చదివాను.

"టార్చిలైటు యాడుండాది" అన్నాడు ఆయన, ఎవరికో చెబుతున్నట్టు. "గొడుగు యాడుండాది. సూదుల డబ్బా యాడుండాది. నేను అడిగినవే ఇవన్నీ. పద్దెనిమిదేండ్లు." నా ఒళ్ళోని పుస్తకం మీదికి వంగి ఆ పేజీ దగ్గరగా చూశాడు. "ఈడ ఆమె గీత గీయలా. చూడు. అన్ని చోట్లా గీసింది, ఈడ గీయలా."

నాకు చెప్పడానికి ఉన్నది ఒకటే. అది చెప్పాను.

"అన్నా, ఆ గైడు రాసింది నేనే."

ఆయన తల తిప్పి చూశాడు. కోపం కనబడలేదు. జబ్బు పశువును చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు, అనుకుంటాను.

"యాడ దాకా చదివి రాసినావు?"

"అరవై పేజీలు. చివర్లో పది."

"ఆమె ఇల్లు దాటిందే డెబ్బైలో గదా."

"అవును."

"ఇల్లు దాటకముందే రోగమని రాసినావు." లేచి నిలబడ్డాడు. "నీ మాటను నేను అంత దూరం మోసకపోయి ఆమె ముఖాన కొట్టినానప్పా."

డబ్బా ఎత్తి మూత తీశాడు. లోపల నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ మందు చెడగొట్టని మనిషి. దాన్ని అలాగే చంకన పెట్టుకుని, చెడిపోయిందని చెప్పడానికి జిల్లా ఆఫీసు వైపు నడిచాడు. నవల నా ఒళ్ళోనే ఉండిపోయింది.

రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలల్లో నేను మిగిలిన నూట యాభై పేజీలూ చదివాను, ఆయన పెన్సిలు గుర్తుల పద్ధతిలోనే, కాకపోతే విడి కాగితాల మీద. ఆయన కోసం కంబదూరు వెళదామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను.

చివరికి పుస్తకాల షాపతను కాలేజీకే వచ్చాడు.

"ఏం సార్, నేను మీ కాడికి పంపిన మనిషిని నా మీదికే తోలినారే. వారం వారం వచ్చి షాపు ముందర నిలబడతాడు. గైడు కొన్న పిల్లోళ్ళందరికీ నలభై రెండో పేజీ నమ్మొద్దని చెప్తాండాడు. నా వ్యాపారం పోతాంది."

వెళ్ళి చూశాను. ఎర్రటి ఎండలో షాపు మెట్ల ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. గైడు కొనుక్కుని దిగుతున్న ఒక అమ్మాయిని ఆపాడు.

"పాపా, అన్నీ చదువుకో. ఆ ఒక్క పేజీ మాత్రం నమ్మొద్దు. ఆ యమ్మకు రోగమేమీ లేదు."

ఆ పిల్ల బెదిరిపోయి తల ఊపి వెళ్ళిపోయింది. అప్పుడు నన్ను చూశాడు. పలకరింపు లేదు.

"మల్లా రాయి" అన్నాడు.

రాశాను. నలభై రెండో పేజీ స్థానంలో నాలుగు పేజీలు. ప్రచురణకర్తకు పంపితే కార్డు ముక్క వచ్చింది: ఉన్న జవాబు పరీక్షకు సరిపోతోంది, విద్యార్థులను గందరగోళపరచడం ఇష్టం లేదు. ఆ కార్డు ఆయనకు చూపించాను. రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. నా నాలుగు పేజీలు తీసుకెళ్ళి జిరాక్స్ తీయించి, షాపతన్ని ఎలా ఒప్పించాడో, ప్రతి గైడులోనూ ఒక కట్ట పెట్టించాడు. రెండు మూడేళ్ళు అలా నడిచింది. తర్వాత సిలబస్ మారింది, ఆ నవలే తీసేశారు.

ఆయన మా ఇంటికి రావడం మళ్ళీ మొదలైంది. మిగిలిన పేజీలు చదివాం. ఆఖరి పేజీ అయిన మరుసటి ఆదివారమే తనకల్లుకు వెళ్ళాడు. తిరిగొచ్చాక అడిగాను.

"ఏమన్నావన్నా?"

"ఏముండాది అనేదానికి. నవల చదివినానని చెప్పినా. నమ్మలా. నా గుర్తులన్నీ చూపించినా. అప్పుడు పుస్తకం తీసుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. 'ఆఖర్న ఆమె బస్సు దిగి యాడికి పోతాదో నాకు తెలీలా' అన్నా. 'నాకూ తెలీలా' అనింది. నీకు ఏమనిపిస్తాది అని అడిగినా. పొద్దు వాలేదాకా చెప్పింది. చానా చెప్పింది. నేను వింటాంటి."

"వస్తానందా మరి?"

"నేను రమ్మనలా."

ఆమె తిరిగి రాలేదు. ఆయన మాత్రం నెలకొకసారి ఆదివారం తనకల్లుకు పోతూనే ఉన్నాడు, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. ఏడెనిమిదేళ్ళు, చనిపోయేదాకా. వెళ్ళే ముందు మా ఇంట్లో పుస్తకాల బీరువా ముందు నిలబడి, "ఏదైనా బాగా కష్టంగా ఉండేది ఇయ్యప్పా" అనేవాడు. సులభమైనది ఇస్తే ఒక్క ఆదివారంలో అయిపోతుందట. ఇద్దరికీ అర్థం కానిదయితే రెండు మూడు నెలలు మాట్లాడుకోవచ్చట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కొంచెం సిగ్గు కనబడేది.

దినాలకు కంబదూరు వెళ్ళాను. మిద్దె ముందు షామియానా, జనం చాలామందే ఉన్నారు. గొర్రెల కాపర్లు దూరంగా గోడవారన కూర్చున్నారు. ఆయన భార్యను అంతకుముందు చూడలేదు గానీ గుర్తుపట్టాను. వచ్చినవాళ్ళ మధ్య తిరుగుతూ భోజనాలు చూస్తోంది. సన్నటి మనిషి, తల సగం నెరిసింది. నా పేరు చెప్పాను.

"గైడు సార్" అంది. నవ్వలేదు. కోపంగానూ లేదు. "తెలుసు. మీరు ఇచ్చిన పుస్తకాలన్నీ చదివినాం."

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ మాటే అన్నాను. ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఒక మాట చెప్తా సార్. ఆయన గైడు పట్టుకుని మొదటిసారి వచ్చినాడే, ఆ వారమే నేను మనసు మార్చుకునుంటి. బదిలీ రద్దు చేయమని అర్జీ రాసి పెట్టుకునుంటి. ఆయన వచ్చేది చూసి, ఏమిటికి వచ్చేసినావని అడుగుతాడేమో, అడిగితే వెనక్కి పోదామని గడపలోకి వచ్చినా. ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ చదివినాడు. ఆ సాయంత్రమే అర్జీ చించేసినా."

నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"తర్వాత ఆయన మారినాడు. మంచి దినాలే గడిచినాయి. అయినా మల్లా ఒకే ఇంట్లో ఉండేదానికి నాకు మనసు రాలా. ఆ అర్జీ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్తే తట్టుకోలేడు." లోపలి నుంచి ఎవరో ఆమెను పిలిచారు. ఆమె గిన్నె ఎత్తుకుంది. "ఎవరికో ఒకరికి చెప్పల్ల గదా సార్. మీకు చెప్తాండా."

భోజనాల బంతి మధ్యలోకి వెళ్ళి, గోడవారన కూర్చున్న కాపర్లను పిలిచి వరుసలో కూర్చోబెట్టింది. నన్నూ కూర్చోమని చేత్తో చూపించింది. విస్తరి ముందు కూర్చున్నాను. ఆమే వచ్చి వడ్డించింది.